ఫార్మాట్ కొట్టమనే ముందు మెయిల్స్ ఎక్కడుంటాయో కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత కంప్యూటర్లని పారేయక్కర్లేదు, లైనక్స్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టం) వేసుకుని ఇంకొన్నేళ్లు హాయిగా వాడుకోవచ్చు అని మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. మంచి వ్యాసం, అవసరమైన టైంలో వచ్చింది. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14 తో మామూలు సపోర్ట్ ఆపేసింది, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం నమోదు చేసుకుని ఇంట్లో వాడుకునేవాళ్లకైనా 2026 అక్టోబర్ 13 వరకే, పోనీ విండోస్ 11 కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ వాళ్ల లిస్టులో ఉండాలి, ఇవేవీ లేకపోయినా చక్కగా పనిచేసే కంప్యూటర్లు ఇంకా బోలెడు ఉన్నాయి కాబట్టి జనం వేరే సిస్టంకి మారాలని చూడటం సహజమే, మారమని మీరు చెప్పడమూ సబబే.

కానీ ఆ వ్యాసం మొత్తంలో నాకు ఒక్క వాక్యం దగ్గర మనసు ఆగిపోయింది. "ముందుగా మీ డేటా బ్యాకప్ తీసుకుని, తర్వాత ఇన్‌స్టాల్ చేసుకోండి" అని ఉంది. అంతే, తర్వాత లైన్‌లో పెన్‌డ్రైవ్ ఎలా తయారుచేయాలో మొదలైపోయింది. అయ్యా, అసలు పనంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉందండీ. పెన్‌డ్రైవ్ తయారుచేయడం, ఇన్‌స్టాల్ చేయడం ఇవన్నీ ఒక పూటలో అయిపోతాయి, తప్పయితే మళ్లీ చేసుకోవచ్చు. డేటా మాత్రం ఒక్కసారి డిస్క్ తుడిచేశాక మళ్లీ అడిగితే రాదు.

నేను చాలా ఏళ్లుగా తెలిసినవాళ్లు కంప్యూటర్ మారుతుంటే పక్కన కూర్చుని సాయం చేస్తుంటాను. బ్యాకప్ అనగానే అందరూ చేసేది ఒకటే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫొటోలు, డౌన్‌లోడ్స్, ఈ నాలుగు ఫోల్డర్లు బయట డిస్క్ మీదకి లాగేసి అయిపోయిందంటారు. మెయిల్ ప్రోగ్రాం దాచుకున్న ఉత్తరాలు గానీ, క్యాలెండర్ గానీ, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న బుక్‌మార్కులు పాస్‌వర్డులు గానీ చాలావరకు ఈ నాలుగింట్లో ఉండవు. అవి ఎక్కువగా యాప్‌డేటా అనే ఫోల్డర్లో ఉంటాయి, ఆ ఫోల్డర్ని విండోస్ మామూలుగా కనిపించకుండా దాచి ఉంచుతుంది, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ అని టిక్ పెడితే తప్ప అలాంటిదొకటి ఉందని కూడా తెలియదు. కనిపించని ఫోల్డర్ని ఎవరు కాపీ చేస్తారు చెప్పండి? అందుకే "బ్యాకప్ తీసుకోండి" అని ఊరుకుంటే చెప్పినట్టు కాదు అంటున్నాను.

నాకు బాగా తెలిసిన రిటైర్డ్ టీచర్ గారు ఒకావిడ ఉన్నారు, ఒక సంఘానికి చాలాకాలం సెక్రటరీగా చేశారు, ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ మెయిల్లోనే. కంప్యూటర్ మార్చేటప్పుడు నేను మెయిల్స్ సంగతేంటమ్మా అంటే "మెయిల్ నెట్‌లోనే కదా బాబూ ఉండేది, ఎక్కడ తెరిచినా వస్తుంది" అన్నారు. చాలామంది నమ్మకం అదే, చాలామంది విషయంలో నిజమే కూడా. కానీ ఆవిడ ఫోన్‌లో చూస్తే ఇటీవలి కొద్ది రోజుల మెయిల్స్ మాత్రమే కనిపిస్తున్నాయి. అకౌంట్ సెట్టింగ్స్ తెరిస్తే సర్వర్ టైప్ దగ్గర పాప్ అని ఉంది, కింద సర్వర్లో ఎన్ని రోజులు ఉంచాలి అనే చోట పద్నాలుగు అని ఉంది. అంటే వచ్చిన ప్రతి మెయిలూ ఆ కంప్యూటర్లోకి దిగి, రెండు వారాలయ్యాక సర్వర్లోంచి చెరిగిపోతోందన్నమాట. పంపినవైతే సర్వర్లో అసలు లేనే లేవు, ఆ డిస్క్ మీదే ఉన్నాయి. ఆవిడ సంఘం తరఫున రాసిన ప్రతి ఉత్తరం, వచ్చిన ప్రతి జవాబు, ప్రపంచం మొత్తమ్మీద ఆ ఒక్క పెట్టెలోనే ఉంది. మర్నాడు ఒకాయన వచ్చి ఫార్మాట్ కొట్టాల్సి ఉంది. ఆ మాట విన్నప్పుడు ఆవిడ ముఖం చూస్తే నాకే కడుపులో తిప్పినట్టయింది, ఫార్మాట్ ఆపించి అన్నీ బయటికి తీశాం కాబట్టి సరిపోయింది.

అందుకని మీ పాఠకులకి మొట్టమొదట చెప్పాల్సింది ఇది: మీ మెయిల్ అకౌంట్ ఐమ్యాప్ పద్ధతిలో ఉందా పాప్ పద్ధతిలో ఉందా చూసుకోండి. ఐమ్యాప్ అయితే మెయిల్స్ సర్వర్లో ఉంటాయి, కంప్యూటర్లో ఉన్నది వాటి నకలు, కొత్త సిస్టంలో అదే అకౌంట్ పెట్టుకుంటే ఫోల్డర్లతో సహా అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. ఇది కొత్తగా వచ్చిన వింతేం కాదు, 1986 లో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన స్టాన్‌ఫర్డ్‌లో దీన్ని రూపొందించారు, ఉత్తరాలు సర్వర్లో ఉండాలి, ఏ మెషీన్ నుంచైనా చదువుకోవాలి అన్నదే ఆయన ఉద్దేశం. పాప్ అయితే మాత్రం కంప్యూటర్లో ఉన్నదే అసలుది. ఐమ్యాప్ వాళ్లు కూడా పూర్తిగా నిశ్చింతగా ఉండకండి, లోకల్ ఫోల్డర్స్ అనో ఆర్కైవ్ అనో పేరుతో సర్వర్లో జాగా ఖాళీ చేయడానికి పాతవి కంప్యూటర్లోకి లాగి పెట్టుకున్నవాళ్లు ఎంతోమంది, అవి సర్వర్లో ఉండవు. చూడటం చాలా తేలిక, నెట్ ఆపేయక్కర్లేదు ఏమీ అక్కర్లేదు, వేరే కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి మీ మెయిల్లోకి వెళ్లి ఐదేళ్ల కిందటి ఉత్తరం ఒకటి, మీరు పంపిందే, వెతకండి. దొరికితే సంతోషం. దొరక్కపోతే ఫార్మాట్ మాటెత్తకండి.

థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం వాడేవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు, ఎందుకంటే దాని దాపరికం లేని పద్ధతి నాకు చాలా ఇష్టం. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ అని ఒక వరస ఉంటుంది, దాని పక్కన బటన్ నొక్కితే నేరుగా ఆ ఫోల్డర్లోకి తీసుకెళ్తుంది. లోపల మెయిల్, ఐమ్యాప్‌మెయిల్ అని ఫోల్డర్లు, వాటిలో ఇన్‌బాక్స్ అని ఒక ఫైల్, ఇన్‌బాక్స్ డాట్ ఎంఎస్ఎఫ్ అని ఇంకొకటి. మొదటిదానికి చివర ఏ ఎక్స్‌టెన్షనూ ఉండదు, చాలామంది అదేదో చెత్త ఫైల్ అనుకుంటారు, నిజానికి ఉత్తరాలన్నీ ఉన్నది అందులోనే. ఎంబాక్స్ అంటారు ఆ ఫార్మాట్‌ని, ఒట్టి టెక్స్ట్, ఒక ఉత్తరం కింద ఒక ఉత్తరం వరసగా పేర్చి ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా ఎవరు ఎవరికి ఏ తేదీన రాశారో కనిపిస్తుంది. రెండోది కేవలం ఇండెక్స్, పోయినా థండర్‌బర్డ్ మళ్లీ తయారుచేసుకుంటుంది. అడ్రస్ బుక్, ఫిల్టర్లు, లోకల్ క్యాలెండర్, దాచిన పాస్‌వర్డులు అన్నీ ఆ ప్రొఫైల్ ఫోల్డర్లోనే ఉంటాయి కాబట్టి, థండర్‌బర్డ్ పూర్తిగా మూసేసి ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని లైనక్స్‌లో దాని చోట పెడితే నిన్న ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. టూల్స్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అని కూడా ఉంది, జిప్ చేసి ఇస్తుంది, కానీ ప్రొఫైల్ 2 జీబీ దాటితే ఆ దారి పనికిరాదు, ఫోల్డర్ని చేత్తో కాపీ చేసుకోవాల్సిందే, ఏళ్లుగా వాడుతున్నవాళ్లది ఎలాగూ దాటే ఉంటుంది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి వెర్షన్, కొత్త థండర్‌బర్డ్‌తో వాడిన ప్రొఫైల్‌ని పాత థండర్‌బర్డ్ తెరవనంటుంది, కాబట్టి లైనక్స్‌లో ఉన్నది అంతే కొత్తదో ఇంకా కొత్తదో అయి ఉండాలి. రెండోది చోటు, ఇది చాలామందిని ఏడిపిస్తుంది. లైనక్స్‌లో మన ఫైళ్లుండే హోం ఫోల్డర్లో డాట్ థండర్‌బర్డ్ అనే దాంట్లో పెట్టండి అని పాత సలహాలన్నీ చెప్తాయి, కానీ ఉబుంటు అనే లైనక్స్ రకంలో 24.04 వెర్షన్ నుంచి థండర్‌బర్డ్ స్నాప్ అనే ప్యాకేజీ పద్ధతిలో వస్తోంది, అప్పుడు హోంలో స్నాప్ అనే ఫోల్డర్, దాంట్లో థండర్‌బర్డ్, దాంట్లో కామన్, అక్కడుంటుంది ఈ డాట్ థండర్‌బర్డ్. ఫ్లాట్‌ప్యాక్ అనే ఇంకో ప్యాకేజీ పద్ధతి అయితే మరో చోటు. పాత చోట పెట్టి తెరిస్తే ఖాళీగా వచ్చి కొత్త అకౌంట్ పెట్టమనొచ్చు, మనిషి కాపీ పాడైపోయిందనుకుని లబోదిబోమంటాడు, పాడవలేదు, పక్క గదిలో పెట్టాం అంతే. ఊహించుకుని పెట్టకుండా, కొత్త సిస్టంలో కూడా థండర్‌బర్డ్ ఒకసారి తెరిచి అదే ట్రబుల్‌షూటింగ్ పేజీలో ఫోల్డర్ ఎక్కడుందో దాన్నే అడిగితే ఈ గొడవే ఉండదు.

మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్ వాడేవాళ్ల కథ వేరు. వాళ్ల ఉత్తరాలు పీఎస్‌టీ అనే ఫైల్లో ఉంటాయి, లేదా ఓఎస్‌టీ. ఓఎస్‌టీ అంటే సర్వర్లో ఉన్నదాని నకలు, దాన్ని మోసుకెళ్లి ఇంకో మెషీన్‌లో పెట్టినా మామూలుగా తెరుచుకోదు. పీఎస్‌టీ అసలు సరుకు. మైక్రోసాఫ్ట్ 2010 లో ఆ ఫార్మాట్ వివరాలు బయటపెట్టింది, లైనక్స్‌లో రీడ్‌పీఎస్‌టీ అనే చిన్న పనిముట్టు దాన్ని ఎంబాక్స్‌గా మార్చి ఇస్తుంది, క్యాలెండర్నీ కాంటాక్టుల్నీ కూడా బయటికి తీస్తుంది, కమాండ్ టైప్ చేయడానికి భయపడకపోతే మంచి దారే. భయపడేవాళ్లకి నేను చెప్పేది ఇంకో దారి. పాత కంప్యూటర్ ఇంకా పనిచేస్తోంది కదా, ఔట్‌లుక్‌లోనే ఒక ఐమ్యాప్ అకౌంట్ కలపండి, పీఎస్‌టీలో ఉన్న ఫోల్డర్లని ఆ అకౌంట్‌లోకి కాపీ చేయండి, అవి సర్వర్‌కి ఎక్కుతాయి, కొత్త సిస్టంలో అదే అకౌంట్ తెరిస్తే దిగుతాయి. నిదానంగా జరుగుతుంది, సర్వర్లో జాగా ఉందో లేదో ముందే చూసుకోవాలి, ఒకేసారి అన్నీ కాకుండా ఒక్కో ఫోల్డర్ పంపి, రెండు వైపులా ఎన్ని మెయిల్స్ ఉన్నాయో లెక్క సరిచూసుకుంటూ పోవాలి, అటాచ్‌మెంట్ ఉన్నవి రెండు మూడు తెరిచి చూడాలి, తేదీలు పాతవే ఉన్నాయా లేక అన్నీ ఇవాళ్టి తేదీతో వచ్చాయా అన్నది కూడా చూడాలి. అంతా సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాకే పాతది ముట్టుకోవాలి. లాగటం (మూవ్) కాదు, కాపీయే చేయాలి, లాగితే మధ్యలో నెట్ పోయినప్పుడు ఏది ఎటుందో అర్థం కాక తల పట్టుకోవాల్సొస్తుంది.

విండోస్‌తో పాటే వచ్చిన మెయిల్, క్యాలెండర్ అనే చిన్న యాప్స్ వాడినవాళ్లు కూడా ఉన్నారు, వాటికి 2024 డిసెంబర్ 31 తోనే సపోర్ట్ ఆగిపోయింది. ఇంకా పాత విండోస్ లైవ్ మెయిల్ అయితే ఒక్కో ఉత్తరం ఒక్కో ఈఎంఎల్ ఫైల్‌గా ఉంటుంది, అది మేలు, దాదాపు ఏ ప్రోగ్రామైనా చదువుతుంది.

మెయిల్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు, క్యాలెండర్ గురించి ఎవరూ అడగరు, ఫార్మాట్ అయ్యాక నెల తిరిగేసరికి డాక్టర్ అపాయింట్‌మెంటో ఇన్సూరెన్స్ ప్రీమియమో మర్చిపోయాక గుర్తొస్తుంది. క్యాలెండర్‌కి ఐసీఎస్ అనే ఫైల్ ఉంది, ఐక్యాలెండర్ ప్రమాణం 1998 లో వచ్చింది, 2009 లో సవరించారు, పేరున్న క్యాలెండర్లన్నీ దీన్ని రాస్తాయి చదువుతాయి. ఎక్స్‌పోర్ట్ కొట్టి ఇంపోర్ట్ చేసేస్తే అయిపోయిందనుకుంటాం, కానీ దగ్గరికి వెళ్లి చూడాలి. ఐసీఎస్ కూడా టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. పుట్టినరోజులాంటి రోజంతా ఉండే విషయాలకి అందులో గంటలు నిమిషాలు ఉండవు, ఒట్టి తేదీ ఉంటుంది, ముగింపు తేదీ దగ్గర మర్నాడు రాసి ఉంటుంది, ప్రమాణమే అలా చెప్తోంది, మర్నాడు మొదలయ్యేలోపు అని దాని అర్థం. ఇది సరిగ్గా పట్టించుకోని ప్రోగ్రాం ఒకరోజు పుట్టినరోజుని రెండు రోజులు చూపిస్తుంది. తేదీని అర్ధరాత్రి పన్నెండు గంటలుగా మార్చేసుకునే ప్రోగ్రాం అయితే టైమ్‌జోన్ తేడా పడినప్పుడు ముందు రోజుకి జరిపేస్తుంది. ఇక ప్రతి వారం జరిగే మీటింగ్‌లో ఏదో ఒక వారం రద్దు చేసుకుంటాం చూడండి, ఆ రద్దు ఎక్స్‌డేట్ అనే ఒక వేరే లైన్‌గా ఉంటుంది, దాన్ని చదవని ప్రోగ్రాం రద్దయిన మీటింగులన్నిటినీ మళ్లీ బతికిస్తుంది. అందుకే ఇంపోర్ట్ అయ్యాక మీకు గట్టిగా తెలిసిన తేదీలు, ఒక పుట్టినరోజు, ఒక వారం వారం మీటింగ్, ఒక రద్దయిన రోజు, ఈ మూడూ చూస్తే చాలు, మిగతావి ఎలా వచ్చి ఉంటాయో తెలిసిపోతుంది.

రిమైండర్లు మోగుతాయో లేదో విడిగా చూసుకోవాలి, కొన్నిచోట్ల అవి రావు. గూగుల్ క్యాలెండర్లోకి ఫైల్ ఇంపోర్ట్ చేస్తే ఆహ్వానితుల పేర్లు రావు, మీటింగ్ లింకులూ రావు, అది వాళ్లే చెప్తారు. ఇంపోర్ట్ వేరు సబ్‌స్క్రైబ్ వేరు అన్నది కూడా చెప్పాలి మీరు, ఇంపోర్ట్ అంటే ఆ క్షణానికి తీసిన నకలు, తర్వాత పాతదాంట్లో మార్చింది కొత్తదాంట్లోకి రాదు, సబ్‌స్క్రైబ్ అంటే అక్కడ మార్చింది ఇక్కడ కనిపిస్తూ ఉంటుంది గానీ ఇక్కడ మనం మార్చలేం, రెండు చోట్లా ఒకేలా ఉండాలంటే సర్వర్లోని క్యాలెండర్‌తో ఎప్పటికప్పుడు కలిసిపోయే కాల్‌డావ్ పద్ధతిలో అకౌంట్ కలుపుకోవాలి, థండర్‌బర్డ్‌లో ఆ సదుపాయం ఉంది.

కాంటాక్టుల్లో పేర్లు తెలుగులో రాసుకున్నవాళ్లకి ఒక ప్రత్యేకమైన బెడద. ఫోన్లు, పాత ప్రోగ్రాములు కొన్ని ఇప్పటికీ కాంటాక్టులు దాచే వీకార్డ్ ఫైళ్లలో 2.1 అనే పాత పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ చేస్తాయి, అందులో ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు, ఒక్కో బైట్‌కి ఈక్వల్ గుర్తూ దాని పక్కన రెండు అంకెలో అక్షరాలో, అంటే మనం గుణింతం పెట్టిన ప్రతిసారీ తొమ్మిదేసి, ఒత్తు పెట్టిన ప్రతిసారీ పద్దెనిమిదేసి గుర్తులు పెరుగుతాయి. పేరు కాస్త పొడుగైతే లైన్ మధ్యలో విరుగుతుంది, చదివే ప్రోగ్రాం ఆ విరుపుని సరిగ్గా అతికించకపోతే సగం పేరే వస్తుంది లేదా ఈక్వల్ గుర్తుల వరస వస్తుంది. వీకార్డ్ 3.0 గానీ 4.0 గానీ ఎంచుకునే వీలుంటే అవే ఎంచుకోమనండి. సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన టెక్స్ట్ పట్టిక) తీసుకున్నవాళ్లు దాన్ని ఎక్సెల్‌లో ఊరికే తెరిచి సేవ్ కొట్టకండి అని కూడా చెప్పండి, తెలుగు అక్షరాలు దాచిన యూటీఎఫ్-8 పద్ధతిని గుర్తుపట్టక తెలుగంతా పిచ్చి గీతలైపోతుంది, పెద్ద ఫోన్ నంబర్లు కుదించుకుపోతాయి, సేవ్ అయ్యాక ఇక వెనక్కి రావు. మన భాషలో పేర్లు రాసుకోవడం మన హక్కు కదా, కంప్యూటర్ మారిన ప్రతిసారీ అవి చెరిగిపోతుంటే జనం విసుగొచ్చి ఇంగ్లీషులోకే పోతారు, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

బ్రౌజర్ సంగతికొస్తే ఫైర్‌ఫాక్స్ కూడా థండర్‌బర్డ్ లాగే, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే విండోస్ నుంచి లైనక్స్‌కి వచ్చేస్తుంది. బుక్‌మార్కులు, హిస్టరీ రెండూ ప్లేసెస్ డాట్ ఎస్‌క్యూలైట్ అనే ఒకే ఫైల్లో ఉంటాయి, పాస్‌వర్డులకి లాగిన్స్ డాట్ జేసన్ అని ఒకటి, దాని తాళంచెవి కీ4 డాట్ డీబీ అని ఒకటి, రెండూ జంటగా వస్తేనే పనిచేస్తాయి, ఒకదాన్ని వదిలేసి ఇంకోదాన్ని తెచ్చుకుంటే ఎక్కడి గొంగళి అక్కడే. దాచిన పాస్‌వర్డులన్నిటికీ కలిపి ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు అది గుర్తుందో లేదో ముందే చూసుకోవాలి.

క్రోమ్, ఎడ్జ్ లాంటివాటిలో ఫోల్డర్ కాపీ చేస్తే బుక్‌మార్కులు వస్తాయి గానీ పాస్‌వర్డులు రావు, ఎందుకంటే విండోస్‌లో వాటిని ఆ యూజర్ అకౌంట్‌కే కట్టేసి ఎన్‌క్రిప్ట్ చేస్తారు, దొంగ ఎవడైనా డిస్క్ ఎత్తుకెళ్లినా చదవలేకుండా ఉండాలని, మంచి ఉద్దేశమే, కానీ అదే తాళం ఇల్లు గలవాడికీ పడుతుంది. కాబట్టి పాత విండోస్ బతికుండగానే, దాంట్లోకి లాగిన్ అయి, పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టి సీఎస్‌వీ తీసుకోవాలి. వేరే చోట కాపీ లేకపోతే ఫార్మాట్ అయ్యాక ఈ పని చేయడానికి మార్గమే లేదు. ఆ సీఎస్‌వీలో మీ పాస్‌వర్డులన్నీ ఏ దాపరికమూ లేకుండా పచ్చిగా కనిపిస్తుంటాయి, మెయిల్లో పంపుకోకండి, కొత్త సిస్టంలో ఇంపోర్ట్ అయిన మరుక్షణం పెన్‌డ్రైవ్ నుంచీ, డౌన్‌లోడ్స్ నుంచీ, రీసైకిల్ బిన్ నుంచీ కూడా తీసేయండి. బుక్‌మార్కులకి హెచ్‌టీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ ఉంది, ఆ ఫైల్ తెరిస్తే పైన ఇప్పటికీ నెట్‌స్కేప్ పేరు ఉంటుంది, ఆ బ్రౌజర్ పోయి ఎంతకాలమైందో, అది పెట్టిన పద్ధతిని మాత్రం తర్వాత వచ్చినవన్నీ పాటించాయి కాబట్టి ఆనాటి బుక్‌మార్కులు ఈనాటికీ తెరుచుకుంటున్నాయి, ఫైల్ ఫార్మాట్లు అందరికీ ఒకటే ఉండాలి అని నేను ఎందుకంత పట్టుబడతానంటే ఇందుకే.

బ్రౌజర్లో సింక్ (నెట్ ద్వారా అన్ని పరికరాల్లో ఒకేలా ఉంచే సదుపాయం) ఆన్‌లో ఉంది కదా మాకేం భయం అనేవాళ్లున్నారు. ఆన్‌లో ఉంటే మంచిదే, కానీ సింక్ అంటే బ్యాకప్ కాదు, ఒకచోట చెరిపేస్తే అన్నిచోట్లా చెరుగుతుంది. ఫైర్‌ఫాక్స్ సింక్‌లో ఇంకో విషయం, మన పాస్‌వర్డే దానికి తాళం, పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేస్తే, ముందే రికవరీ కీ తీసిపెట్టుకోకపోతే, సర్వర్లో ఉన్న డేటా పోతుంది, కంప్యూటర్లో ఉన్న కాపీ నుంచే మళ్లీ ఎక్కించుకోవాలి. కంప్యూటర్‌ని ఫార్మాట్ చేసేసి, తర్వాత పాస్‌వర్డ్ రీసెట్ చేసినవాళ్ల సంగతి ఆలోచించండి. అంతకన్నా పెద్ద ప్రమాదం పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు పిన్నో వేలిముద్రో పెట్టి లాగిన్ అయ్యే తాళాలు), ఆ కంప్యూటర్లోనే పెట్టుకున్న ఓటీపీ యాప్‌లు. విండోస్ హలోలో (పిన్, ముఖం, వేలిముద్రతో విండోస్ తెరిచే పద్ధతి) ఆ మెషీన్ మీదే పెట్టుకున్న పాస్‌కీ ఆ మెషీన్‌తోనే పోతుంది, కాపీ చేసే వీలే లేదు, కాబట్టి ప్రతి ముఖ్యమైన అకౌంట్‌కీ ఫోన్‌లోనో ఇంకోచోటో రెండో దారి పెట్టుకుని, దాంతో ఒకసారి లాగిన్ అయి చూసి, అప్పుడే ముందుకెళ్లాలి. ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకి పాస్‌కీలు మార్చుకునే ప్రమాణం కోసం ఫిడో అలయన్స్ అనే కంపెనీల సంఘం 2024 లో ముసాయిదా విడుదల చేసింది, అది అన్నిచోట్లకీ వచ్చేదాకా ఈ జాగ్రత్త మనదే.

రిపేర్ చేసేవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా బంధువు ఒకరు కంప్యూటర్ ఇస్తే "డేటా మొత్తం తీశాం సార్" అని గట్టిగా చెప్పి తిరిగిచ్చారు, తీరా చూస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తప్ప ఇంకేమీ లేదు, మెయిల్ ప్రొఫైల్ లేదు, బుక్‌మార్కులు లేవు. ఎవరో కావాలని చేశారని నేననను, వాళ్లని ఎవరూ అడగరు, వాళ్లకీ ఎవరూ నేర్పలేదు. కానీ డబ్బు తీసుకుని డిస్క్ తుడిచేవాళ్లకి ఈ బాధ్యత ఉంటుంది, మెయిల్ ఏ ప్రోగ్రాంలో చూస్తారు, బ్రౌజర్ ఏది వాడతారు, క్యాలెండర్ ఉందా అని మూడు ప్రశ్నలు అడిగి రాసుకోకుండా ఫార్మాట్ చేయకూడదు. డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం) ఉందా అన్నది నాలుగో ప్రశ్న, రికవరీ కీ లేకుండా డిస్క్ బయటికి తీస్తే ఎంత గొప్ప నిపుణుడైనా లోపలున్నది చదవలేడు.

కంపెనీల బాధ్యత ఇంతకన్నా పెద్దది. గూగుల్ 2011 లో మన డేటా దించుకోవడానికి టేకౌట్ అనే సదుపాయం తెచ్చింది, మెయిల్ ఎంబాక్స్‌గా, క్యాలెండర్ ఐసీఎస్‌గా ఇస్తుంది, మెచ్చుకోవాల్సిందే. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 20 వ అధికరణం ఒక మనిషి ఇచ్చిన డేటాని మెషీన్ చదవగలిగే మామూలు ఫార్మాట్‌లో తిరిగి తీసుకునే హక్కు ఆ మనిషికి ఉందని చెప్తోంది. ఇదంతా బాగుంది, కానీ బయటికి ఇవ్వడం దగ్గరే అందరూ ఆగిపోతున్నారు, లోపలికి తీసుకోవడం గురించి పట్టించుకునేవాడు లేడు. టేకౌట్ ఎంబాక్స్‌నే చూడండి, మీరు ఏళ్లతరబడి పెట్టుకున్న లేబుల్స్ ప్రతి ఉత్తరం పైన ఒక హెడర్ లైన్‌లో బుద్ధిగా రాసి ఉంటాయి, కానీ తీసుకునే ప్రోగ్రాం ఆ లైన్ చదవకపోతే అన్నీ ఒకే కుప్పలో పడతాయి. ఇచ్చినవాడు నేనిచ్చానంటాడు, తీసుకున్నవాడు నాకు వచ్చిందంటాడు, సర్దుకోవాల్సింది మాత్రం మనం. ఇవ్వడం ఎంత హక్కో, ఇచ్చింది ఇంకోచోట సరిగ్గా తెరుచుకోవడం కూడా అంతే హక్కని నా గట్టి అభిప్రాయం.

మీరు చేయగలిగింది చాలా ఉంది సార్. విండోస్ 10 మీద ఇంకా ఉన్నవాళ్ల కోసం మీ పేపర్లో వారానికొక చిన్న శీర్షిక పెట్టండి, ఒక వారం మెయిల్, ఒక వారం క్యాలెండర్ కాంటాక్టులు, ఒక వారం బ్రౌజర్, ఒక వారం పాస్‌కీలు. ఏ మెనూలో ఏం నొక్కాలో స్క్రీన్ బొమ్మలతో వేయండి, బొమ్మలు మరీ చిన్నవి కాకుండా, పెద్దవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని చదివేలా. లైనక్స్ వేసుకోండి అని రాసిన ప్రతిసారీ, కొత్తది పూర్తిగా కుదురుకునేదాకా పాత డిస్క్ తుడవకండి, వీలైతే వేరే డిస్క్ కొని దాని మీద వేసుకోండి, పాతది కొన్ని నెలలు అలాగే పక్కన పెట్టుకోండి అని బాక్స్ కట్టి వేయండి. రాసేవాళ్లకి సాయం కావాలంటే నాకు తెలిసింది చెప్పడానికి, బొమ్మలు తీసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు